యాసని చూసి నవ్వుతున్నారు, ఆ కళ్ల రంగు ప్రయోగం మా క్లాసులో చేయించవచ్చా?

ప్రశ్న (ఐదో తరగతి టీచర్):
ఈ ఏడాది మా క్లాసులో కొత్తగా చేరిన పాప యాస వేరు, రంగు కూడా చామనఛాయ కంటే ఇంకాస్త ముదురు. పాఠం చదవమంటే చాలు, వెనక బెంచీల్లో కిసుక్కుమంటారు. మొన్న పక్కబ్బాయి దగ్గర తీసుకున్న రబ్బరు తిరిగిచ్చింది, వాడు దాన్ని చొక్కాకి రెండుసార్లు తుడిచి గానీ డబ్బాలో పెట్టుకోలేదు. నా ప్రాణం ఉసూరుమంది. అప్పటికప్పుడు అరగంట సేపు 'అందరం సమానమే' అని చెప్పాను, నేను మాట్లాడినంతసేపూ క్లాసంతా ఆ పాపనే చూసింది, తను తలెత్తలేదు. 1968లో అమెరికాలో జేన్ ఎలియట్ అనే టీచర్ మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగుని బట్టి విడదీసి వివక్ష ఎలా ఉంటుందో చూపించారు కదా, అలాంటిది చేయమంటారా?

జవాబు 1:
వద్దండీ, దయచేసి. ఆ పాప రోజూ అనుభవిస్తున్నదాన్ని మళ్లీ ఆటగా ఆడించినట్టవుతుంది. 1971లో టెక్సస్‌లో, నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలు కొత్తగా ఒకే బడిలో కలిసినప్పుడు ఇలాగే గొడవలైతే ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జిగ్‌సా పద్ధతి పెట్టారు. పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇవ్వాలి, ఎవరి ముక్క వాళ్లే మిగతావాళ్లకి చెప్పాలి. వినకపోతే పరీక్షలో నష్టం వాళ్లకే. నేను నీటి చక్రం పాఠంతో చేశాను. మొదటి వారం ఏమీ మారలేదు, టెన్షన్ పడ్డాను కూడా. మూడో వారంలో, అంతకుముందు ఎగతాళి చేసినవాడే 'ఆవిరి సంగతి మళ్లీ చెప్పవా, రాసుకోలేదు' అని అడిగాడు.

జవాబు 2:
గుంపులు మంచివే గానీ, పిల్లల్ని కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన సరిపోదు. గార్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే చెప్పారు, చిన్నచూపు తగ్గాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైవాళ్ల మద్దతు ఉండాలని. క్లాసులో ఆ పైవాళ్లు మనమే. ఒక వారం పాటు మీరు ఎవర్ని ఎన్నిసార్లు లేపి అడుగుతున్నారో నోట్‌బుక్‌లో టిక్కులు పెట్టండి మేడమ్. నేను పెట్టి చూసుకున్నాక రెండు రోజులు సరిగా నిద్రపట్టలేదు.

ప్రశ్న అడిగిన టీచర్:
నాలుగు రోజులు టిక్కులు పెట్టాను. ఆ పాప పేరు ఎదురుగా ఒక్కటీ లేదు. నవ్వుతారేమోనని కాపాడుతున్నాననుకుంటూ అసలు పిలవడమే మానేశానన్నమాట. సోమవారం సౌర కుటుంబం పాఠం ఉంది, ఐదు ముక్కలు చేశాను, చంద్రుడి ముక్క తనకిస్తున్నాను, ముందుగా నా దగ్గర ఒకసారి చదివించుకుంటాను.