“చెప్పక యుండలేము”: అపొస్తలుల కార్యములు 4:20లోని క్రియ గురించి

యేసు శిష్యులైన పేతురు, యోహాను యెరూషలేములోని యూదుల పెద్దల సభవారికి ఇచ్చిన జవాబు చాలామందికి నోటికి వచ్చు: “మేము కన్నవాటిని విన్నవాటిని చెప్పక యుండలేము.” ప్రసంగాల్లో దీన్ని ఎక్కువగా ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. ధైర్యం ఉంది, కాదనను. 13వ వచనంలో ఆ మాటే ఉంది. కానీ క్రియను పట్టుకుని చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. అది మీ అందరితో మాట్లాడాలనిపించింది.

యేసు పేరున ఇక మాట్లాడవద్దన్న సభవారి ఆజ్ఞ 18వ వచనంలో ఉంది: “మాటలాడకూడదు, బోధింపకూడదు.” కూడదు అనేది అధికారం ఉన్నవాళ్ళ మాట. దానికి ఎదురు తిరిగేవాళ్ళు మామూలుగా ఏమంటారు? “మానం”, “చెప్పి తీరతాం”, “ఏం చేసుకుంటారో చేసుకోండి”. వీటన్నిటిలో పంతం ఉంటుంది. పేతురు వాళ్ళు అలా అనలేదు. సభవారు “కూడదు” అంటే వీళ్ళు “లేము” అన్నారు. ఊరుకోవడం మా వల్ల కాదు అన్నారు, అంతే.

అదే అధ్యాయంలో ఎదుటి పక్షం మాటలు కూడా చూడండి. పుట్టుకతో కుంటివాడు, నలభై ఏళ్ళు దాటినవాడు, యేసు పేరున పేతురు వాళ్ళ ద్వారా బాగుపడి ఇప్పుడు తన కాళ్ళ మీద వాళ్ళ ముందే నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి సభవారు “ఎదురు చెప్పలేకపోయిరి”. అపొస్తలులను బయటికి పంపి తమలో తాము మాట్లాడుకుంటూ “అది జరుగలేదని చెప్పజాలము” అనుకున్నారు. గ్రీకులో 16వ వచనంలోనూ 20వ వచనంలోనూ ఉన్నది ఒకే మాట, ఊ దునామెథా, అంటే మా వల్ల కాదు అని. తెలుగులో ఒకచోట జాలము అయింది, ఒకచోట లేము అయింది. జరగలేదని చెప్పలేనివాళ్ళు ఆ పక్క, జరిగింది చెప్పకుండా ఉండలేనివాళ్ళు ఈ పక్క. మధ్యలో ఆ మనిషి. వాదనలో ఎవరు గెలిచారన్న ప్రశ్నే అక్కడ లేదు.

వ్యాఖ్య: బాగుందండీ. అయితే “చెప్పక తప్పదు” అన్నా ఇదే అర్థం కదా? రెండూ బలవంతమే.

జవాబు: రెండూ బలవంతమే, కానీ అది వచ్చే చోటు వేరండీ. “తప్పదు”లో ఒత్తిడి బయటినుంచి వస్తుంది, మనకు ఇష్టం లేకపోయినా సరే. డాక్టరు చేదు కబురు చెప్పక తప్పదు. “ఉండలేము”లో అది లోపలిది. సంతోషం పట్టలేనివాడు చెప్పకుండా ఉండలేడు. “తప్పదు”కి దగ్గరగా ఉన్న వచనం కావాలంటే 1 కొరింథీయులకు 9:16 చూడండి. అక్కడ పౌలు సువార్త ప్రకటించాల్సిన “భారము నామీద మోపబడియున్నది” అంటాడు. మోపబడటం అంటే ఎవరో మోపారనే కదా. పౌలుది అప్పగించిన పని గురించిన మాట, పేతురుది చూసిన సంగతి గురించిన మాట. సువార్త చెప్పేవాళ్ళకు ఈ రెండూ అనుభవమే, కానీ కలిపేస్తే రెండిటి బరువూ తగ్గిపోతుంది.

వ్యాఖ్య: యిర్మీయా 20:9 కూడా కలపండి. “నేను ఓర్చి యోర్చి విసికియున్నాను, చెప్పక మానలేదు.” ఇది నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపిస్తుంది.

జవాబు: మంచి వచనం గుర్తు చేశారు. ఆ మాట వెనక ఎంత బాధ ఉందో చూడండి. అప్పటికే దేవాలయపు అధికారి పషూరు ఈ ప్రవక్తను కొట్టించి, కాళ్ళు బిగించే బొండలో వేయించాడు. జనం రోజంతా ఎగతాళి చేస్తున్నారు. ఇక దేవుని పేరే ఎత్తకూడదని యిర్మీయా అనుకున్నాడు కూడా. అనుకుంటే ఎముకల్లో నిప్పు మూసిపెట్టినట్టయింది. ఇక వ్యాకరణం సంగతి: “మానలేను” అంటే అశక్తత, “మానలేదు” అంటే జరిగిపోయిన సంగతి. తెలుగు బైబిల్లో రెండోది ఉంది. హీబ్రూలో ఉన్నది “నా వల్ల కాదు” అనే మాట, అంటే పేతురు చెప్పినదానికి ఇంకా దగ్గర. అయినా “మానలేదు” నాకు నచ్చింది. విసిగిపోయాడు, ఆపేద్దామనుకున్నాడు, ఆపలేదు. మొత్తం కథ ఆ ఒక్క క్రియలో ఉంది.

వ్యాఖ్య: మా అన్నయ్య నమ్మడు. నేను ప్రభువు గురించి ఎత్తగానే లేచి వెళ్ళిపోతాడు. ఈ వచనం చదివినప్పుడల్లా నాకు టెన్షన్. చెప్పకపోతే తప్పు చేస్తున్నానని, చెబితే ఇంట్లో గొడవని.

జవాబు: అమ్మా, మీ ప్రశ్న ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది. వచనాన్ని మళ్ళీ చదవండి. కర్త ఎవరు? “మేము”. కర్మ ఏది? “కన్నవాటిని విన్నవాటిని”. వినేవాడి గురించి ఇందులో ఒక్క మాట లేదు. “మీరు వినక తప్పదు” అని లేదు, “నమ్మించక మానము” అని అసలే లేదు. మీ బాధ్యత మీరు చూసినంత వరకే. మీ అన్నయ్య నమ్మడం మీ క్రియ కాదు. ఏథెన్సులో పౌలు పునరుత్థానం గురించి మాట్లాడితే కొందరు అపహాస్యం చేశారు, కొందరు ఇంకోసారి వింటామన్నారు, కొందరు నమ్మారు. ఒకే ప్రసంగానికి మూడు రకాల జవాబులు. పౌలు నవ్వినవాళ్ళ వెంటపడలేదు, వాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయాడు.

ఇంకొకటి. “చెప్పక యుండలేము” అన్న ఈ పేతురే తర్వాత తన మొదటి పత్రికలో (3:15), మీ నిరీక్షణకు హేతువు అడిగినవారికి జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండండి, అది “సాత్వికముతోను భయముతోను” ఉండాలి అని రాశాడు. అడిగేవారికి అన్నాడు చూడండి. మీ అన్నయ్యతో వాదన పెట్టుకోకండి. మీకు జరిగింది మీ మాటల్లో ఒకసారి చెప్పండి, లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. మళ్ళీ వచ్చి కూర్చున్నప్పుడు చెల్లెలిగానే మాట్లాడండి. ఆయన మీద కోపం పెరగకుండా ప్రార్థన చేయండి, నేనూ చేస్తాను.

వ్యాఖ్య: “కన్న” అనే మాట యువతకు అర్థం కావట్లేదండీ. కన్నతల్లి అన్నట్టు వినిపిస్తోంది. వాళ్ళకోసం వాడుక భాషలో చదవాలంటే ఎలా?

జవాబు: కను అంటే చూడటం అని ఇప్పుడు విడిగా ఎవరూ అనరు, నిజమే. కానీ “కనీవినీ ఎరుగని” అని రోజూ అంటూనే ఉన్నాం, ఆ జంటే ఇది. ఆ ముక్క చెబితే పిల్లలు వెంటనే పట్టుకుంటారు. వాడుకలో అయితే “మేం చూసినవీ విన్నవీ చెప్పకుండా ఉండలేం” అని చదవండి. “చెప్పాల్సిందే” అని మాత్రం మార్చకండి, అప్పుడది పేతురు మాట కాకుండా పోతుంది.