షోరూమ్‌లో సేల్స్ జాబ్: అబద్ధం చెప్పకుండా టార్గెట్ కొట్టడం అవుతుందా?

పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో సేల్స్‌లో చేరి రెండు నెలలైంది, టీవీలు ల్యాప్‌టాప్‌ల సెక్షన్ నాది. ప్రొడక్ట్ గురించి అడిగితే గంటసేపు చెప్తా, ఆ పని నాకు ఇష్టం. కానీ ఎక్స్‌టెండెడ్ వారంటీ, కేబుల్స్, స్టాండ్లు ఇవన్నీ కూడా బిల్లులో ఎక్కించాలి, ఎవరు ఎన్ని వారంటీలు ఎక్కించారో రోజూ సాయంత్రం బోర్డు మీద రాస్తారు, నా పేరు ఎప్పుడూ కిందే.

మొన్న ఒక పెద్దాయన సెట్‌టాప్ బాక్స్‌ని టీవీకి కలపడానికి మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ అడిగితే, పక్కనున్న సీనియర్ సైగ చేశాడని గోల్డ్ ప్లేటెడ్ కేబుల్, బాగా ఖరీదైనది, చేతిలో పెట్టా, బొమ్మ ఇంకా క్లియర్‌గా వస్తుందని కూడా చెప్పేశా. ఆయన "నువ్వు చెప్తున్నావు కదా బాబూ" అని చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చి వెళ్లారు. కేబుల్ మారిస్తే బొమ్మ క్లియర్ అవ్వదని నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మానేయాలా?

జవాబు 1
తమ్ముడూ, నేను పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నా. ముందు ఆ కేబుల్ సంగతి చూడు, బిల్లులో ఆయన నంబర్ ఉంటుంది, మేనేజర్‌కి చెప్పి ఫోన్ చేసి మార్చి ఇవ్వు. సెట్‌టాప్ బాక్స్‌కి మామూలు కేబుల్ చాలు, డిజిటల్ సిగ్నల్ సరిగ్గా అందితే బొమ్మ అదే వస్తుంది, అందకపోతే చుక్కలు పడతాయి లేదా బొమ్మే పోతుంది. అదే గేమింగ్ కన్సోల్‌లో 4కె, 120 హెర్ట్జ్ (అంటే బొమ్మ సెకనుకి 120 సార్లు మారేలా) ఆడేవాళ్లొస్తే అప్పుడు సెకనుకి 48 గిగాబిట్ల డేటా మోసే అల్ట్రా హై స్పీడ్ కేబుల్ చూపించు, వాళ్లకి నిజంగా అవసరం, నువ్వు ధైర్యంగా చెప్పొచ్చు. అంటే టీవీకి ఏం కనెక్ట్ చేస్తారో ముందు అడగాలి, మనలో చాలామంది అడగరు.

వారంటీ బిల్లు కౌంటర్ దగ్గర అడిగితే ఎవరూ తీసుకోరు, అప్పటికే జేబులోంచి డబ్బు తీశారు, ఇంకో ఖర్చు అంటే చిరాకు. ల్యాప్‌టాప్ చూపించేటప్పుడే "రోజూ బ్యాగులో తిరుగుతుందా, ఇంట్లో టేబుల్ మీదే ఉంటుందా" అని అడుగు. తిరుగుతుంది అంటే ప్లాన్ కాగితం తీసి, కింద పడి స్క్రీన్ పగిలితే కవర్ అవుతుందో లేదో ఆ లైన్ మీద వేలు పెట్టి చదివించు, చాలా ప్లాన్లలో అవ్వదు, దానికి వేరే ప్లాన్ ఉంటుంది. కవర్ కానిది మన నోటితో ముందే చెప్తే కవర్ అయ్యేది నమ్ముతారు. నా వారంటీలు పెరిగింది అలాగే, కానీ నెలలు పట్టింది.

జవాబు 2
అన్న చెప్పింది కరెక్ట్. ఇంకోటి, అమ్మేటప్పుడు చెప్పని చిన్న విషయాలే తర్వాత గొడవలవుతాయి. 1 టీబీ డిస్క్ కొన్నాయన మర్నాడొచ్చి కంప్యూటర్‌లో 931 జీబీయే చూపిస్తోంది, మోసం చేశారని కౌంటర్ దగ్గర అరిచాడు. కంపెనీ ఒక జీబీకి వెయ్యి ఎంబీ లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన చూపిస్తుంది, అంతే తేడా, ఆ ఒక్క మాట ముందే చెప్పుంటే సరిపోయేది. టీవీ కూడా అంతే, షోరూమ్‌లో స్టోర్ మోడ్‌లో పెట్టి బ్రైట్‌నెస్ బాగా పెంచేస్తాం, ఇంటికెళ్లి మొదటిసారి ఆన్ చేశాక హోమ్ మోడ్ సెలెక్ట్ చేసుకోమని చెప్పి పంపు. మంచి బూట్లు కొనుక్కో, రోజంతా నిలబడాలి, నేను మొదటి ఏడాది మడమలు పాడుచేసుకున్నా.

జవాబు 3
నేను మానేశా. వారంటీ వద్దన్నవాళ్లకి స్టాక్ లేదని చెప్పి పంపించమన్నారు మా దగ్గర. నీకూ అలా చెప్తే వేరే స్టోర్ వెతుక్కో తమ్ముడూ. మీ మేనేజర్ అలాంటివాడు కాకపోతే ఉండు, నువ్వు చేయగలవు.

ప్రశ్న అడిగినవాడిని
అందరికీ థాంక్స్. పెద్దాయనకి ఫోన్ చేశా. ప్యాకెట్ చించేశారు కాబట్టి కుదరదని మేనేజర్ మొదట అన్నాడు, నేను ఏం చెప్పి అమ్మానో ఉన్నదున్నట్టు చెప్పాక మామూలు కేబుల్ ఇప్పించి మిగతా డబ్బు వాపస్ ఇచ్చాడు. పెద్దాయన "దీనికోసం పిలిచావా" అని నా భుజం తట్టారు. బోర్డు మీద ఇవాళ కూడా నా పేరు కిందే. రేపు ఆదివారం, రద్దీ బాగా ఉంటుంది, ఆ బ్యాగు ప్రశ్న అడిగి చూస్తా.