స్పిట్‌ఫైర్ మార్క్ 5, మార్క్ 9: బరువు, ఇంజన్ శక్తి ఎలా పోల్చాలి?

అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ రకాలను పోలుస్తూ ఎక్సెల్‌లో ఒక పట్టిక వేస్తున్నాను. ఒకచోట ఇరుక్కుపోయాను, కాస్త సాయం చేయండి.

మార్క్ 5లో మెర్లిన్ 45 ఇంజన్. పూర్తి లోడుతో బరువు సుమారు 2,980 కిలోలు, శక్తి దాదాపు 1,470 హార్స్‌పవర్. 1942లో వచ్చిన మార్క్ 9లో మెర్లిన్ 61. బరువు 3,380 కిలోల దాకా, శక్తి 1,565. లెక్క కడితే కిలోకి హార్స్‌పవర్ మార్క్ 5లో 0.49, మార్క్ 9లో 0.46. రెక్కల వైశాల్యం రెండింటికీ దాదాపు ఒకటే కాబట్టి వింగ్ లోడింగ్‌లోనూ (రెక్కల వైశాల్యంలో ప్రతి చదరపు మీటరు మోసే బరువు) కొత్తదే వెనకబడింది!

కానీ జర్మన్ల యుద్ధ విమానం ఫోకెవుల్ఫ్ 190 ముందు మార్క్ 5 తేలిపోతే, దానికి దీటుగా నిలిచింది మార్క్ 9. మెర్లిన్ 61లో రెండంచెల సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఉంది కనుక, పలచటి గాలిలోనూ శక్తి అంతగా పడిపోదని తెలుసు. అంటే గరిష్ఠ శక్తి అంకెతో పోల్చడమే నా తప్పా?

ఏ ఎత్తు దగ్గర పోల్చాలి? 20,000 అడుగులు సరిపోతుందా, రెండు మూడు ఎత్తులు తీసుకోవాలా? బూస్ట్ (సూపర్‌చార్జర్ ఇంజన్‌కి ఇచ్చే గాలి ఒత్తిడి) పరిమితి కూడా కాలంతో పాటు పెంచారు, అదో తలనొప్పి. ఇంధనం నిండుగా లెక్కించాలా, సగమా? ట్యాంకుల్లో 85 గ్యాలన్లంటే దాదాపు 280 కిలోలు, చిన్న తేడా కాదు.

ఇలాంటి లెక్కలు వేసినవాళ్లెవరైనా మీ పద్ధతి చెప్పగలరా?