సంతలో కొన్న పెట్టల్ని నెల రోజులు వేరుగా ఉంచాల్సిందేనా?

పెరటికోళ్లు (జనగామ):
మా ఇంటి వెనక ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. నిన్న సంతలో ఇంకో మూడు పెట్టలు కొన్నాను. తురాయి ఎర్రగా ఉంది, గింజలు వేస్తే ఎగబడి తింటున్నాయి. "రాత్రి గూట్లోకి తోసెయ్, తెల్లారేసరికి కలిసిపోతాయి" అంటోంది మా అత్తమ్మ. తమ్ముడేమో నెల రోజులు వేరుగా ఉంచమంటున్నాడు. ప్రస్తుతానికి గంప కింద మూశాను. పెరడు చాలా చిన్నది. ఏం చేయమంటారు?

రైతుబిడ్డ (సూర్యాపేట):
కలిపెయ్ అక్కా. మన కోళ్లు పొద్దంతా పక్కింటి కోళ్లతో కలిసే మేస్తాయి. నాలుగు అడుగుల దూరంలో గంప కింద మూస్తే ఏం ఆగుతుంది? పైగా సీఆర్‌డీ, అదే గురక జబ్బు, లోపల ఉన్నా కోడి నెలల తరబడి బాగానే కనబడుతుంది. నెల చూసినా తెలియని జబ్బు కోసం నెల ఎందుకు?

గోదావరి పెట్టలు (తణుకు దగ్గర):
కలపొద్దమ్మా. సంక్రాంతి తర్వాత నేను చేసిన పని అదే. తెచ్చిన నాలుగో రోజు ఒక కొత్త పెట్ట మూల నిలబడి కునుకు పట్టింది, ఆకుపచ్చగా విరేచనాలు. వారం దాటాక మా పాత పెట్టకి మెడ మెలి తిరిగిపోయింది. గింజ కనబడుతోంది, పొడుస్తోంది, ముక్కు మాత్రం పక్కనున్న మట్టికి తగులుతోంది. దాని చేత తినిపించలేకపోయాను. పద్నాలుగింటిలో మూడు మిగిలాయి.

అది కొక్కెర తెగులు. ఒంట్లో చేరాక బయటపడటానికి 2 నుంచి 15 రోజులు, ఎక్కువగా 5, 6 రోజులు పడుతుంది. అందుకే సంత రోజు ఎర్రటి తురాయిని చూసి నమ్మకూడదు. ఊళ్లో తెగులు మొదలైతే చచ్చేలోపు అమ్ముకుందామని సంతకి తెచ్చేవాళ్లున్నారు.

రైతుబిడ్డ గారూ, దూరం గురించి మీరన్నది నిజమే. కానీ రోగాన్ని మన చెప్పులు, చేతులు, నీళ్ల గిన్నె కూడా మోస్తాయి. ముందు పాతవాటికి మేత వేసి, ఆఖరున కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. వాటి గిన్నె వేరు, అక్కడికి తొడుక్కునే చెప్పులు వేరు. గంపని పెరట్లో కాకుండా ఇంటి ముందు వైపు పెట్టుకోవచ్చు. రెక్కల కింద, తోక దగ్గర ఈకలు విడదీసి పేలు, గోమార్లు ఉన్నాయేమో కూడా ఈలోపే చూసుకోవచ్చు.

గురక జబ్బుకి ఒక దారి ఉంది. ఆఖరి పది రోజులు మన పాత పెట్ట ఒకదాన్ని కొత్తవాటితో కలిపి ఉంచాలి. దాగిన జబ్బు ఉంటే దానికి అంటుకుని బయటపడే అవకాశం ఉంది. ఆ ఒక్కదాన్ని ఎంచుకోవడం నాకు కష్టంగానే ఉంటుంది, అయినా మంద మొత్తం పోవడం చూశాను కదా.

మేడమీద గూడు (హైదరాబాద్):
నేను సంతలో కొనను. టీకాలు వేసిన గ్రామప్రియ రకం పెట్టల్నే తెచ్చుకుంటాను. నాకూ నెల అవసరమా?

గోదావరి పెట్టలు:
అవసరమేనండీ. కొక్కెర టీకా కోడిని జబ్బు పడకుండా కాపాడుతుంది కానీ, టీకా వేసిన కోడి కూడా వైరస్‌ని మోసుకురావచ్చు. మీ పాతవాటికి టీకా లేకపోతే ముప్పు వాటికే.

రైతుబిడ్డ:
పద్నాలుగింటిలో పదకొండు పోయాయంటే చాలా బాధగా ఉంది. రెండు వారాలైతే నేనూ ఒప్పుకుంటాను. కానీ పొద్దున్నే కూలికి వెళ్లే మనిషి నెలంతా రెండు చోట్ల మేత, రెండు చోట్ల నీళ్లు ఎలా చూస్తుంది? గంప కింద నెల రోజులంటే పెట్ట గుడ్లు కూడా మానేస్తుంది.

గోదావరి పెట్టలు:
గంప చాలదు, నిజమే. పాత మంచానికి వల చుట్టినా వాటికి తిరిగే చోటు దొరుకుతుంది. నెల కుదరనివాళ్లు రెండు వారాలకి మాత్రం తగ్గొద్దు. ఈలోపు పశువుల ఆసుపత్రిలో అడిగి, 8 వారాలు దాటిన పాతవాటికి ఆర్ టూ బి అనే కొక్కెర టీకా వేయించండి. సీసా కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి, అందుకని వీధిలో కోళ్లున్నవాళ్లందరూ ఒకే రోజు పెట్టుకుంటే వృథా కాదు. కొత్తవాటికి వారం చూసి, హుషారుగా ఉంటేనే.

పెరటికోళ్లు:
గంపని నిన్న సాయంత్రమే ముందు వైపుకి మార్చాను. పొద్దున నీళ్లు పెట్టడానికి వెళితే నల్ల పెట్ట రెండుసార్లు తుమ్మింది, ముక్కు దగ్గర తడిగా ఉంది. అత్తమ్మని పిలిచి చూపించాను. కాసేపు వంగి చూసి, "దీన్ని అక్కడే ఉండనీ" అంది. మిగతా రెంటినీ దాన్నుంచి విడదీయాలా?

గోదావరి పెట్టలు:
వెంటనే విడదీయండమ్మా. దాన్ని ఈరోజే డాక్టరుకి చూపించండి.