ఫార్మాటర్ కోడ్‌ని "దిద్దుతుంది" అనొచ్చా?

అందరికీ నమస్తే. టీమ్‌లో కొత్తవాళ్ళ కోసం ఫార్మాటర్ (అంటే కోడ్ రాసిన తీరుని ఒకే పద్ధతిలోకి తెచ్చే టూల్) గురించి తెలుగులో చిన్న గైడ్ రాస్తున్నా. "సేవ్ చేయగానే ఫార్మాటర్ మీ కోడ్‌ని దిద్దుతుంది" అని రాస్తే ఒకాయన ఆ మాట వద్దన్నాడు. మరి ఏ క్రియ వాడాలి?

— ఆయన అన్నది కరెక్టేనండి. దిద్దడమంటే తప్పుని ఒప్పు చేయడం. బ్లాక్ (పైథాన్‌ది), ప్రెట్టియర్ (జావాస్క్రిప్ట్ వగైరాలది) లాంటి ఫార్మాటర్లు చూసేది ఖాళీలు, లైన్ ఎక్కడ విరగాలి, కోట్స్ సింగిలా డబులా, ఇలాంటివే. బ్లాక్ అయితే పాత కోడ్, కొత్త కోడ్ సింటాక్స్ ట్రీలు (అంటే కోడ్‌ని కంప్యూటర్ అర్థం చేసుకునే నిర్మాణం) పోల్చుకుని తేడా వస్తే ఫైల్ జోలికే పోదు. ఉత్పలమాలని నాలుగు పాదాలుగా రాసినా ఒకే లైన్లో కుక్కినా యతి పదో అక్షరం దగ్గరే ఉంటుంది కదా, అలా. నా ఓటు "సర్దుతుంది"కి.

— "తీర్చిదిద్దుతుంది" అంటే? అందులో తప్పు అన్న ధ్వని లేదు, అందంగా చేయడమే.

— అందం అన్నామంటే మళ్ళీ గొడవేనండి బాబూ, అసలీ టూల్స్ వచ్చిందే ఆ వాదన ఆపడానికి. గో భాష ఫార్మాటర్‌లో స్టైల్ సెట్టింగులే ఉండవు, ట్యాబులంటే ట్యాబులే. లైన్ పొడవు పెప్ 8లో (పైథాన్ వాళ్ళ స్టైల్ గైడ్) 79 అక్షరాలు, ప్రెట్టియర్‌కి మామూలుగా 80, బ్లాక్‌కి 88, ఇందులో ఏది అందం? ఏదో ఒకటి పెట్టేసుకుంటే రివ్యూలో లాజిక్ గురించి మాట్లాడుకోవచ్చు.

— సర్దడమే బాగుంది. కాకపోతే సర్దితే తప్పు పోదు గానీ బయటపడుద్ది. 2014లో ఆపిల్ "గోటూ ఫెయిల్" బగ్ గుర్తుందా, ఇఫ్ కింద అదే లైన్ రెండుసార్లు పడింది, రెండోది కూడా ఇఫ్ లోపలే ఉన్నట్టు ఇండెంట్ అయింది, బ్రాకెట్లు లేవు కాబట్టి అది కండిషన్‌తో పనిలేకుండా నడిచేసి అవతలి సర్వర్ అసలైనదేనా అని చూసే డిజిటల్ సంతకం చెకింగ్‌ని దాటించేసేది. సీ భాషకి వాడే ఫార్మాటర్ క్లాంగ్-ఫార్మాట్ నడిపి ఉంటే ఆ లైన్ ఎడమకి జరిగి కంట్లో పడేది. పైథాన్‌లో ఇది కుదరదు, అక్కడ ఇండెంటేషనే అర్థం, ఫార్మాటర్ ఆ అర్థాన్ని మార్చదు.

— గైడ్‌లో ఇంకోటి కూడా రాయండి. పాత ప్రాజెక్ట్ మొత్తం ఒకేసారి సర్దితే ఆ కమిట్ (గిట్‌లో సేవ్ చేసే ఒక మార్పు) విడిగా ఉంచాలి, లేదంటే ఏ లైన్ ఎవరు చివరిగా మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో ఎక్కడ చూసినా సర్దినవాడి పేరే. గిట్ 2.23 నుంచి బ్లేమ్‌లో అలాంటి కమిట్‌ని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే వీలుంది.

— థాంక్సండీ. అయితే ఇలా రాస్తా: "ఫార్మాటర్ సర్దుతుంది, లింటర్ తప్పులు ఎత్తిచూపుతుంది, దిద్దేది మీరే."

— ఆగండాగండి, జావాస్క్రిప్ట్ లింటర్ ఈఎస్‌లింట్‌లో ఫిక్స్ ఆప్షన్ ఉందిగా, అది కొన్ని నిజంగానే దిద్దుతుంది.

— హతవిధీ. సరే, ఆ మూడో ముక్క మారుస్తా.