అప్‌డేట్: మా క్వార్టెట్‌లో అందరి మాటా చెల్లేదెలా?

మా స్ట్రింగ్ క్వార్టెట్‌లో (రెండు వయొలిన్‌లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా, అన్నిటికన్నా కింది స్థాయిలో మోగే చెల్లో ఉండే నలుగురి బృందం) ప్రతి నిర్ణయమూ మొదటి వయొలిన్‌దే అవుతోంది, ఏం చేయాలని అడిగాను కదా. అమెరికాకు చెందిన ఎమర్సన్ క్వార్టెట్‌లో ఇద్దరు వయొలినిస్టులు మొదటి స్థానాన్ని మార్చుకుంటూ వాయించేవారని ఒకరు చెప్పారు. మేమూ అదే మొదలుపెట్టాం.

కానీ అంతకన్నా పెద్ద మార్పు తెచ్చింది మొదటి వయొలిన్‌ను ఆపి, కింది మూడు భాగాలే వాయించడం. చెల్లో నుంచి పైకి ఒక్కో స్వరం చేర్చుకుంటూ వస్తే, శ్రుతి ఎక్కడ తప్పుతోందో అందరికీ వినిపిస్తోంది. వాదనే అక్కర్లేదు! ఇన్నాళ్లూ నోరు విప్పని మా వయోలా వాయించే ఆయన, ఇప్పుడు నడక మారే చోట ఊపిరితో సైగ ఇస్తున్నారు. నాకెంత సంతోషమో చెప్పలేను.

టెంపో (వేగం) మీద పేచీ వస్తే రెండు రకాలుగానూ వాయించి, రికార్డింగ్ విన్నాకే మాట్లాడుకుంటున్నాం. బోయింగ్‌ల సంగతి, అంటే విల్లును ఎక్కడ ఎటు లాగాలన్నది, ఇంకా తేలలేదు. దానికేదైనా దారి తెలిస్తే చెప్పండి.