బ్యాండ్-మెయిడ్ మీద ఇంత పిచ్చి ఎందుకు: వాయింపు చూసా, వేషం చూసా?

తీగలబాట:
బ్యాండ్-మెయిడ్ పేరు ఎక్కడ ఎత్తినా ఒకటే మాట వినిపిస్తోంది: "అందరూ అమ్మాయిలు, పైగా మెయిడ్ డ్రెస్సులు, అందుకే కదా మీకు అంత ఇష్టం?" అని. దీని మీద ఒకసారి తీరిగ్గా మాట్లాడుకుందాం. నేను వాళ్లకు వీరాభిమానిని, ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2013లో టోక్యోలో మొదలైన ఐదుగురు అమ్మాయిల హార్డ్ రాక్ బ్యాండ్ ఇది. వాళ్లలో మికు కొబాటో అనే అమ్మాయి అంతకుముందు టోక్యోలోని అకిహబారాలో ఒక మెయిడ్ కెఫేలో, అంటే పనిమనిషి వేషంలో వడ్డించే కెఫేలో, పనిచేసింది. ఆ లేసుల యూనిఫాం వేసుకుని గట్టి రాక్ వాయిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆమెదే. మెయిన్ వోకల్ సైకి, లీడ్ గిటార్ కనామి, బేస్ మిసా, డ్రమ్స్ అకానె. కొబాటో పాడుతూ రిథమ్ గిటార్ కూడా వాయిస్తుంది. కచేరీని "ఒక్యూజి" అంటారు, సేవ చేయడం అన్నమాట. అభిమానుల్ని మాస్టర్లు, ప్రిన్సెస్‌లు అని పిలుస్తారు.

వేషం చూసి వీడియో క్లిక్ చేసేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ అలా వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ఉండిపోవాలంటే లోపల సరుకుండాలి. మొదట్లో వీళ్ల పాటలు బయటివాళ్లు రాసేవారు. 2017 జనవరిలో వచ్చిన "జస్ట్ బ్రింగ్ ఇట్" ఆల్బమ్ నాటికి చాలా పాటలు వాళ్లే కట్టుకున్నారు. సంగీతం ఎక్కువగా కనామి చేతి మీదుగా నడుస్తుంది, సాహిత్యం కొబాటో చూసుకుంటుంది. 2022 నాటి "అన్‌లీష్" అనే ఈపీలో (చిన్న ఆల్బమ్) "ఫ్రమ్ నౌ ఆన్" అని ఒక ట్రాక్ ఉంది. అందులో ఒక్క మాట కూడా ఉండదు, అంతా వాయిద్యాలే. ఫోన్ బోర్లా పెట్టి, కళ్లు మూసుకుని అది వినండి. అప్పుడు చెప్పండి, డ్రెస్సు ఎక్కడ వినిపించిందో.

కృష్ణాతీరం:
అన్నా, వాయింపు బాగుందని నేనూ ఒప్పుకుంటా. నా అభ్యంతరం వేరు. టోక్యోలో గిటార్ దుమ్ము దులిపేవాళ్లు బోలెడంత మంది ఉంటారు. మన దాకా వీళ్లే ఎందుకొచ్చారు? "థ్రిల్" వీడియో 2014లో వచ్చింది. మరుసటి ఏడాది ఒక ఇంటర్నెట్ రేడియో వాళ్లు ఫేస్‌బుక్‌లో పెట్టాకే దేశాలు దాటింది. అదే పాటను జీన్స్ ప్యాంట్లలో ఉన్న కుర్రాళ్లు వాయించి ఉంటే అంతమంది షేర్ చేసేవారా? ఆలోచన ఆమెదే కావచ్చు, దాన్ని గౌరవిస్తా. కానీ అమ్ముడుపోయేది పాత సరుకే: వంగి నమస్కారం పెట్టి సేవ చేసే ఆడమనిషి. ప్రేక్షకుణ్ణి మాస్టర్ అని పిలవడం నాకు మింగుడు పడదు. వీడియోల కింద కామెంట్లు చూడండి. ఒకరు సోలో గురించి రాస్తే పక్కనే ఇంకొకరు ముఖం గురించి రాస్తారు.

పాత క్యాసెట్:
డ్రెస్సు తీసేస్తే ఈ గొడవ ఆగుతుందనుకోవద్దు బాబూ. ఫ్యానీ అనే బ్యాండ్ ఉండేది. ఫిలిప్పీన్స్‌లో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన జూన్, జీన్ మిల్లింగ్టన్ అనే అక్కచెల్లెళ్లు అందులో గిటార్, బేస్ వాయించేవారు. 1970లో రిప్రైజ్ లేబుల్ మీద మొదటి ఎల్పీ వచ్చింది. పెద్ద కంపెనీ ద్వారా అందరూ ఆడవాళ్లే ఉన్న రాక్ బ్యాండ్ పూర్తి ఆల్బమ్ తేవడం అదే మొదలు. వాళ్లు ఏ వేషమూ వేయలేదు. అయినా "ఆడపిల్లలకి ఫర్వాలేదే" అన్న మాటే ఎదురైంది. ఇంత గొప్ప బ్యాండ్‌ని జనం మరిచిపోయారే అని బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత బాధపడ్డాడు.

ఇక రన్‌అవేస్ అనే అమ్మాయిల బ్యాండ్. 1975లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైనప్పుడు అందరూ టీనేజ్ పిల్లలే. సొంత దేశంలో పత్రికలు వాళ్ల బట్టల గురించి రాసుకుంటుంటే 1977లో జపాన్ టూర్‌కి జనం విరగబడ్డారు. గో-గోస్ అనే ఇంకో ఆడవాళ్ల బ్యాండ్ సంగతి చూడండి. తమ పాటలు తామే రాసుకుని, వాయిద్యాలు తామే వాయించుకుని 1982లో అమెరికా ఆల్బమ్ చార్టులో ఆరు వారాలు మొదటి స్థానంలో ఉన్నారు. అలాంటివాళ్లని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోవడానికి 2021 దాకా పట్టింది.

జపాన్‌లో దీనికి సొంత పరంపర ఉంది. షో-యా అనే ఆడవాళ్ల బ్యాండ్ 1987లోనే టోక్యోలోని హిబియా ఆరుబయట వేదిక మీద అచ్చంగా ఆడవాళ్లతో రాక్ ఫెస్టివల్ పెట్టింది. 1989లో అక్కడ ఏడాది మొత్తం మీద ఎక్కువగా అమ్ముడైన సింగిల్ ప్రిన్సెస్ ప్రిన్సెస్ అనే ఆడవాళ్ల బ్యాండ్ పాడిన "డైమండ్స్". బ్యాండ్-మెయిడ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనకి వింతగా ఉందంటే ఈ వరస మనం వినలేదు కాబట్టి.

మద్దెలదరువు:
తీగలబాట గారూ, మీరు మా వైపే మాట్లాడుతున్నారని తెలుసు. కానీ "కళ్లు మూసుకుని వినండి" అన్న సలహా నాకు నచ్చలేదు. నేను డ్రమ్స్ వాయిస్తాను. ఫెస్ట్‌లకి సౌండ్ చెక్‌కి వెళ్తే "సింగర్ మీరేనా అమ్మా?" అని అడుగుతారు. స్టిక్స్ చేతిలో ఉన్నా సరే అడుగుతారు. నాకు అకానె కనబడాలి. డబుల్ పెడల్ మీద రెండు కాళ్లూ పరిగెడుతుంటే పైన భుజాలు ఎంత వదులుగా పెట్టుకుంటుందో చూడాలి. స్పీడ్ పెరిగే కొద్దీ నాకు భుజాలు బిగుసుకుపోతాయి, ఆమె నవ్వుతూ కొడుతుంది. అది నేను వీడియో ఆపి ఆపి నేర్చుకున్నా. ఆడవాళ్లన్న సంగతి పక్కన పెడితేనే అభిమానం స్వచ్ఛమైనదా? నా అభిమానంలో సగం అదే.

మన దగ్గర వీణ అంటే ఎవరూ అడ్డు చెప్పరు. లయవాద్యం దగ్గరికి వచ్చేసరికే లెక్క మారుతుంది. ఏలూరులో పుట్టిన దండమూడి సుమతి గారు చిన్నప్పుడే మృదంగం పట్టి జీవితమంతా వాయించారు. పద్మశ్రీ 2021లో వచ్చింది. ఇప్పటికీ కచేరీలో మృదంగం దగ్గర ఆడమనిషి కనిపిస్తే పక్కవాళ్లు గుసగుసలాడతారు. శ్రీనగర్‌లో ప్రగాశ్ అనే బ్యాండ్ పెట్టింది స్కూలు వయసు ఆడపిల్లలు. 2012 డిసెంబర్‌లో ఒక పోటీలో వాయించారు. ఆన్‌లైన్‌లో బెదిరింపులు, పైన గ్రాండ్ ముఫ్తీ (అక్కడి ముస్లిం మతపెద్ద) ఖండన. 2013 ఫిబ్రవరికల్లా బ్యాండే లేదు. ఆ పిల్లల్ని తలుచుకుంటే కళ్లు మూసుకుని వినడం నా వల్ల కాదు.

తీగలబాట:
మీరు చెప్పింది నా వాదనకి బలమే. చూడండి, కానీ చేతులు చూడండి అంటాను. 2021 ఫిబ్రవరి 11న బుడోకాన్‌లో వాయించాల్సింది కోవిడ్ వల్ల రద్దయింది. టోక్యోలో ఏ బ్యాండ్‌కైనా ఆ వేదిక ఒక కల. అదే రోజు ఆన్‌లైన్‌లో వాయించారు. ఎదురుగా మాస్టర్లూ లేరు, ప్రిన్సెస్‌లూ లేరు, కేకల్లేవు. నేను హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని చూశాను. సేవ అందుకునేవాడే ఎదురుగా లేనప్పుడు ఆ వేషం ఎవరి కోసం? ఆ రోజు నాకు కనబడింది ఒకరినొకరు చూసుకుంటూ వాయించే బ్యాండ్.

కృష్ణాతీరం:
ప్రేక్షకులు ఎదురుగా లేరు, టికెట్ కొని కెమెరా అవతల ఉన్నారు కదా. అయినా మద్దెలదరువు గారి మాట నాకు తగిలింది. ఆవిడ చూసేది వేరు, నేను భయపడే చూపు వేరు. ఒకే వీడియో రెండు రకాల చూపులకీ అందుబాటులో ఉంది, సమస్య అక్కడే. ఇంకోటి. ఈ వీరాభిమానులకి దేన్నీ విమర్శించకూడదు. కొన్ని ఆల్బమ్‌లలో మిక్సింగ్ మరీ హోరుగా ఉంటుంది, అన్ని వాయిద్యాలూ ఒకేసారి మీద పడతాయి. ఆ మాట అంటే చాలు, ఆడవాళ్లంటే పడదు అని ముద్ర వేస్తారు.

మద్దెలదరువు:
మిక్సింగ్ గురించి మీతో ఏకీభవిస్తాను. సింబల్స్ (ఇత్తడి పళ్లేలు) మోత కింద నాకు స్నేర్ డ్రమ్ సరిగ్గా వినబడదు. ఆ విమర్శ చేసేవాళ్లు ఇంకా రావాలి, ఎందుకంటే మగ బ్యాండ్‌కి చేసే విమర్శ అది.

డ్రెస్సు మాత్రం మళ్లీ ఒకసారి గమనించండి. కెఫేలో కనబడే తరహా ఫ్రిల్స్ ముఖ్యంగా కొబాటో మీదే ఉంటాయి. సైకి వేసుకునేదాంట్లో మెయిడ్ ఎక్కడుందో వెతకాలి. ఒక పక్క సేవ అంటారు, ఇంకో పక్క 2018 ఆల్బమ్ పేరే "వరల్డ్ డామినేషన్". 2023లో షికాగోలో లొల్లాపలూజా అనే పెద్ద సంగీతోత్సవంలో వాయించారు, ఆ నవంబర్‌లో పదేళ్ల పండగ యోకోహామా అరీనాలో చేసుకున్నారు. వంగి నిలబడిన వాళ్ల ప్రయాణంలా ఉందా ఇది?

కొత్తశ్రోత:
నేను వీళ్లని ఇంతవరకూ వినలేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాత క్యాసెట్:
ముందు "థ్రిల్" వీడియో చూడండి, ఈ గొడవంతా ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. తర్వాత "ఫ్రమ్ నౌ ఆన్". ఆ వెంటనే ఏదైనా లైవ్ రికార్డింగ్. రెండు గిటార్లు విడివిడిగా పట్టుకోవాలంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

కృష్ణాతీరం:
"ఫ్రమ్ నౌ ఆన్" నేనూ ఇప్పుడే విన్నాను. మిసా బేస్ కోసం మళ్లీ వింటాను, ఆ మాట నిజం. మాస్టర్ అన్న పిలుపు దగ్గర మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. అభిమానుల్లో ఎవరైనా ఆ పిలుపు ఎందుకు అవసరమో చెప్తే వినాలని ఉంది. ఇంతవరకూ ఎవరూ సూటిగా చెప్పలేదు.